దిండు గలీబుతో మొదలిడుడు

కుట్టుపని నేర్వగోరు సోదరీమణులు మొట్టమొదటనే రవికగుడ్డకు కత్తెర పెట్టుట మాకు సమ్మతము గాదు. రవిక యొంటికి సరిపడవలెను. సరిపడనిచో గుడ్డయు పోవును, నేర్వవలెనను నుత్సాహమును పోవును. దిండట్లు గాదు. ఒక యంగుళ మటునిటైనను అది యెవరితోను చెప్పుకొనదు.

పరిగిలో మా పొరుగింటి చెల్లెలు హిందూపురము దగ్గరనున్న దుస్తుల కర్మాగారమునకు ఆరేండ్లుగా పోవుచున్నది. అచ్చట పని ముక్కలుగా పంచబడి యుండును. ఒకరిది కాలరు, ఒకరిది జేబు, ఒకరివి కాజాలు. ఈమెకు వచ్చినది చొక్కాచేయి. దినమెల్ల చేతులే కుట్టును. ఆమె యింట దిండ్లకు మాత్రము సంతలో కొన్న గలీబులు. "నాకు కుట్టేది వస్తుందో రాదో నాకే తెలీదక్కా" అని యొకనాడు నవ్వుచు ననెను. ఆ నవ్వు మాకు నచ్చలేదు. ఆదివారము రమ్మంటిమి.

ముందుగా గుడ్డను నానబెట్టి, ఉతికి, ఆరవేయవలెను. మేమొకమారు తొందరపడి కొత్తగుడ్డను అట్లే కోసితిమి. మొదటి యుతుకుతోనే గలీబు కుంచించుకొని దిండు దూరక పోయెను. దిండు 27 అంగుళముల పొడవు, 17 అంగుళముల వెడల్పు గలదైనచో 64 అంగుళముల పొడవు, 19 అంగుళముల వెడల్పు గుడ్డ కోయవలెను. వదులు, కుట్టు, మడత అన్నియు నిందులోనివే. 44 అంగుళముల పన్నాగల నూలుగుడ్డ 1¾ మీటరు కొన్నచో రెండు గలీబులు వచ్చును. పాత ధర్మవరము పట్టుచీర యంచు వేయుదమని కొంద రందురు. దినదినము తల యానించి తరచుగా నుతుకు గుడ్డకు అది తగదు.

పొడవున రెండు కొసలను అరంగుళము చొప్పున రెండుసార్లు మడచి కుట్టుడు. పిదప గుడ్డను మేలువైపు పైకుండ పరచి, ఒక కొసను 28 అంగుళములు మడువుడు. ఎదుట మిగిలిన 6 అంగుళములను ఆ మడతపైకి త్రిప్పుడు. ఈ చిన్నమడత పైననే యుండవలెను, క్రిందికి పోరాదు. తిరుగవేసినప్పుడు అది లోపలికి చేరి దిండు జారకుండ పట్టుకొనును. గుండీ యక్కరలేదు. రెండు ప్రక్కలను అర అంగుళము విడిచి కుట్టి, పోగులు లేవకుండ అంచులు చుట్టుకుట్టు వేసి, తిరుగవేయుడు.

ఇంట మిషను లేకున్నను లోటులేదు. అమెరికాలో ఐజాక్ సింగరు తన మిషనుకు 1851లో పేటెంటు పొందెను గాని, మన యవ్వలు పాతచీరలు పొరలు పొరలుగా పరచి బొంతలు కుట్టుటకు సూది, దారము, మధ్యాహ్నపు తీరిక తప్ప వేరేమియు కోరలేదు. ప్రక్కకుట్టు బలముగా నుండుటకు సూదిని ముందుకు దించి, సగము వెనుకకు వచ్చి మరల దించిన చాలును.

మా చెల్లెలికి చేతివేగము మాకన్న నెక్కువ. చిక్కంతయు ఆ చిన్నమడత దగ్గర వచ్చినది. రెండుసార్లు అది క్రిందికి పోయెను, రెండుసార్లు కుట్టు విప్పెను. కర్మాగారమున విప్పుటకు వ్యవధి యుండదట. మూడవమారు తిరుగవేసి, దిండు దూర్చి, నాలుగు మూలలు తట్టి చూచుకొని, మాటాడక ఒడిలో పెట్టుకొని కూర్చుండెను.

మరుసటి యాదివారమునాటికి రెండవ గలీబు తానే కోసి కుట్టినది. మమ్ము పిలువలేదు.