ఏసీకి ఫోను, వంటింటి గొట్టానికి గుడ్డముక్క

ఏసీ చల్లగా రాకపోతే మన ఇళ్లలో గంటలో ఫోన్లు వెళ్లిపోతాయి. అమలాపురంలో మెకానిక్ దొరక్కపోతే రాజమండ్రి నుంచైనా రప్పిస్తారు. అదే వంటింట్లో పొయ్యి మీద చిమ్నీ గొట్టం ఊడిపోతే? "చూద్దాంలే." ఆ చూద్దాంలే మా ఇంట్లో సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడిచింది.

జరిగిందేమిటంటే, బిగించినవాళ్లు గోడ బయట కన్నానికి మూత పెట్టకుండా వెళ్లిపోయారు. చుట్టూ కొబ్బరితోట, గోరువంకలు ఊరుకుంటాయా? గొట్టం నిండా పీచూ పుల్లలూ పేర్చేశాయి. గాలి పోయే దారి మూసుకుపోయింది, వంపు దగ్గర గొట్టం చిరిగింది. చిమ్నీ మోత మోగుతూనే ఉంది, పొగ మాత్రం అటక మీదకి చేరుతోంది. ఆవకాయ జాడీ మూత ముట్టుకుంటే నూనె జిడ్డు. నేను నాలుగుసార్లు చెప్పాక మావారు స్టూలెక్కి, చిరుగుకి పాత లుంగీ ముక్క చుట్టి, పైన టేపు వేసి దిగారు. "అయిపోయింది" అన్నారు.

నూనె పీల్చిన గుడ్డ, దాని కింద మంట. దాన్ని మన భాషలో వత్తి అంటారండీ, మరమ్మతు అనరు.

ఇదేమీ డబ్బుల్లేక కాదు. అదే నెలలో హాల్లో టీవీ మారింది. నా అనుమానం ఒక్కటే, ఆ గాలి పీల్చేది ఇంట్లో ఒక్కరే కాబట్టి ఆ పని జాబితాలోకి రాదు. ఏసీ గాలి అందరిదీ, వంటింటి గాలి ఆవిడది. ఆవిడ దగ్గితే "కాస్త మిరియాల కషాయం తాగు" అంటారు. ఆ కషాయం కూడా ఆవిడే కాచుకోవాలి, ఆ పొయ్యి మీదే!

మా అత్తయ్యగారు ఒకటే మాట. "మేం కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్లు కూర్చోలేదుటే, మాకేమైంది?" పెద్దావిడ, ఎదురు చెప్పలేను కానీ ఇక్కడ చెప్తాను. ఆ రోజుల్లో పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి పొగ దానంతటదే పోయేది. ఇప్పుడు పైన స్లాబు, కిటికీకి అడ్డంగా ఫ్రిజ్జు. ఇక "ఏమీ కాలేదు" అన్న మాట. మా అమ్మమ్మ కొబ్బరి డొక్కలు రాజేయడానికి ఊదుగొట్టం పట్టుకుని ఊదేది. పొయ్యికి గాలి సరఫరా చేసింది ఆవిడ ఊపిరితిత్తులన్నమాట. చివరి పదేళ్లూ ఆవిడ దగ్గు వీధి అరుగు దాకా వినపడేది. అది రోగమని ఎవరూ అనలేదు, ముసలితనం అన్నారు. కట్టెలూ పిడకలూ కిరసనాయిలూ ఇళ్లలో వదిలే పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ల ఇళ్లలో కూడా "ఏమీ కాలేదు" అనే అనుకుని ఉంటారు.

పొయ్యికి గొట్టం పెట్టాలని మనకి తెలియక కాదు. హైదరాబాదులో ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యి తయారుచేసి, 1953లోనే దాని మీద పుస్తకం వేశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం అలాంటి పొయ్యిలు ఊరూరా కట్టించింది, 2002లో ఆ పథకం ఆపేసింది. పొయ్యి కట్టించడానికి పథకం ఉంది సరే, గొట్టంలో మసి పట్టాక దులిపేదెవరు, పగిలితే మార్చేదెవరు? గొట్టం మూసుకుపోయిందంటే అది మామూలు పొగపొయ్యే కదా.

అంతెందుకు, కొత్తపేట దాటితే ఆత్రేయపురం. బోర్లించిన కుండ లోపల ఎండాకుల మంట, ఎదురుగా పిండి గుడ్డతో రేకులు తీసే ఆడవాళ్లు. ఆ పూతరేకుకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. రేకు తీసే ఆవిడ కళ్లలోకి కొట్టే పొగ సంగతి ఆ సన్మాన సభల్లో ఎవరైనా ఎత్తారా?

"గ్యాసుకి పొగెక్కడిదమ్మా" అంటారేమో. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు వచ్చి నా పక్కన ఓ ఐదు నిమిషాలు నిలబడండి, తర్వాత మాట్లాడుకుందాం.

చివరికి నేనే ఫోన్ చేసి మనిషిని పిలిపించాను. పనంతా కలిపి గంటన్నర. లుంగీ ముక్క పీకేసి, గూడు తీసేసి (గుడ్లు లేవు లెండి, ముందే చూశాను), చిమ్నీ మూతి ఎంత వెడల్పో సరిగ్గా అంతే ఉన్న అల్యూమినియం గొట్టం తెప్పించాం. మాది ఆరంగుళాలు. మిగిలిన పొడవు ముడిచి అటక మీద పడేయనివ్వకుండా కోయించి, సాగదీసి, ఒక్క వంపుతో గోడ బయటకి తెచ్చాం. రెండు కొసలకీ క్లాంపులు బిగించి, వాటి మీద అల్యూమినియం టేపు వేశాడు. బయట రెక్కల మూత పెట్టాడు. పేపరు ముక్క చిమ్నీ జాలీ కింద పెడితే గట్టిగా అతుక్కుంది. ఫ్రిజ్జు మాత్రం నేను పట్టుబట్టి జరిపించాను. లోపలి గాలిని గొట్టం బయటకి లాగేస్తుంటే, బదులు గాలి ఎక్కడినుంచో రావాలి కదా, కిటికీ తెరుచుకోకపోతే ఎలా?

ఇప్పుడు మా ఆడపడుచు వాళ్లు రాజోలులో ఇల్లు కడుతున్నారు. దేవుడి గది ఏ మూల అని మూడుసార్లు ప్లాను మార్చారు. వంటింట్లో చిమ్నీ గొట్టానికి గోడలో కన్నం ఎక్కడ అని అడిగితే మేస్త్రీ మావయ్యగారి వంక చూశాడు, మావయ్యగారు అన్నయ్యగారి వంక చూశారు. గోడలకి ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. ఆదివారం వెళ్తున్నాను, సుద్దముక్క సంచిలో పెట్టుకున్నాను.