ట్యూనర్ కొనే ముందు మేడెక్కి చూడండి



"అమెరికాలో మా అబ్బాయి వాడే ట్యూనరే అందరికీ కలిపి తెప్పిద్దాం" అని మొన్న మీటింగులో ఒకరన్నారు. నేనొప్పుకోను. అది ఏటీఎస్‌సీ రకం. మన మేడమీది డిష్‌కు వచ్చేది డీవీబీ-ఎస్, ఎస్2. మీటర్‌గేజీ బోగీ బ్రాడ్‌గేజీ పట్టాలమీద నడుస్తుందా?

మనకు కావలసింది శాట్-ఐపీ ట్యూనర్. దాన్ని ల్యాన్ వైరుతో రౌటరుకు కలిపి, సర్వర్లో టీవీహెడ్‌ఎండ్ పెడితే ఇంట్లో ఏ గదిలోనైనా చూడొచ్చు, రికార్డూ చేసుకోవచ్చు. డీడీ ఫ్రీ డిష్‌లో సప్తగిరి, యాదగిరి నెలచందా లేకుండానే వస్తాయి. చందా కట్టే డీటీహెచ్ ఛానెళ్ళకు తాళం ఉంటుంది, ఈ పెట్టెతో తెరుచుకోవు. నాలుగు ట్యూనర్లున్నాయని మురిసి డబ్బు పోయకండి. ఒకేసారి ఎన్ని చూస్తారో లెక్కేసుకోండి.

"ఓటీటీ ఉందిగా" అంటారా? అందులో మా మనవరాలు వెతుక్కునేది తెలుగు కాదు. టీవీ నడుస్తుంటే మాత్రం తెలుగు దానంతటదే చెవిన పడుతుంది. నేను చదివింది తమిళ మీడియం. రైల్వేలో చేరాకే గూడూరు, రేణిగుంట బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చాను. ఆ పిల్లకు ఇంట్లో తెలుగు వినిపించేది నా నోరు, ఆ టీవీ. నేనెన్నాళ్ళుంటాను? పనికిరాని పెట్టె కొని రెండోదాన్నీ మూయించకండి.