ప్రవేశపత్రంలో ఒక్క గడి

వేసవి సెలవులు ముగిశాయి. హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల్లోనూ, తిరుత్తణి, పళ్ళిపట్టు ఊళ్ళలోనూ, సరిహద్దుకు ఆవల కోలారు, పావగడ, బళ్ళారి సీమల్లోనూ తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకొని బడి మెట్లు ఎక్కుతున్న రోజులివి. కొత్త పుస్తకాలు, దుస్తులు, బస్సు పాసు, జనన ధ్రువపత్రం, ఆధార్ కార్డు నకలు అంటూ జరిగే ఈ హడావుడిలో ప్రవేశపత్రంలోని ఒక గడి చాలామంది కంట పడకుండానే పోతున్నది. అది 'మాతృభాష' అన్న గడి. మన పిల్లల తెలుగు చదువు భవితవ్యం ప్రధానంగా ఆ గడిలోనే తేలుతున్నదని ఈ బడుల ప్రారంభవేళ గుర్తుచేయడం మా కర్తవ్యం.

ఎందుకంటే భాషా అల్పసంఖ్యాకుల విద్యాహక్కు ఆచరణలో తలల లెక్క మీద నడుస్తున్నది. ఒక బడిలో మొత్తం 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తగ్గకుండా ఆ భాష పిల్లలుంటే, ప్రాథమిక దశలో వారి భాషలో బోధించేందుకు ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా పాటుపడాలని అది ఆదేశిస్తున్నది. రాజధానిలోని సచివాలయానికే కాదు, మన ఊరి పురపాలక సంఘానికీ ఆ బాధ్యత ఉన్నదని దీని అర్థం. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఉన్నత పాఠశాల స్థాయికి, పై నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, ఒక్కొక్క తరగతిలో 15 మంది అన్న లెక్కను అంగీకరించింది.

ఇప్పుడు ఆ గడి సంగతి చూద్దాం. ఇంట్లో తాతమ్మ మొదలు పసిబిడ్డ దాకా మాట్లాడేది తెలుగే. బడిలో మాత్రం ఎవరూ అడగరు, మనమూ చెప్పం. పత్రం నింపేవారు రాష్ట్రభాష పేరు రాసేస్తారు, మనం సంతకం పెట్టి వస్తాం. ఒక తరగతిలో పన్నెండుగురు తెలుగు పిల్లలున్నారనుకోండి. ముగ్గురి పేర్ల ఎదుట తమిళమో కన్నడమో పడితే, కాగితం మీద మిగిలేది తొమ్మిదిమందే. పదికి ఒక్కరు తక్కువ! ఆ ఒక్క అంకెతో ఉపాధ్యాయుణ్ణి కోరే ఆధారం పోతుంది. ఉన్న ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానం ఖాళీగా ఉండిపోతుంది. చెప్పేవారు లేరని పిల్లలు వేరే మాధ్యమానికి మారతారు. పిల్లలు లేరని ఉద్యోగమే రద్దవుతుంది. చివరకు దస్త్రంలో మిగిలే మాట ఒక్కటే: 'తెలుగువారు అడగలేదు.'

ఆ గడిలో ఏమి రాయాలో నిర్ణయించే అధికారం ఎవరిది? కర్ణాటక ప్రభుత్వ భాషావిధానంపై నడిచిన వ్యాజ్యంలో 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీనికి జవాబు చెప్పింది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసింది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే గాని ప్రభుత్వం కాదన్నది. అదే తీర్పు మాతృభాషలో చదవమని నిర్బంధించే అధికారం ప్రభుత్వానికి లేదని కూడా చెప్పింది. అంటే కోరుకొంటేనే హక్కు. కోరనివారికి దానిని తెచ్చి చేతిలో పెట్టే చట్టం ఏదీ లేదు.

తమిళనాడులోని మన కుటుంబాలకు ఇది మరింత ముఖ్యం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతి పైకి సాగింది. మొదటి భాగం తమిళం, రెండవది ఆంగ్లం, మూడవది ఇతర పాఠ్యాంశాలు. మాతృభాషకు నాలుగవ భాగంలో, అదీ ఐచ్ఛికంగా, చోటు దక్కింది. ఆ మొదటి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు చేరేసరికి అల్పసంఖ్యాక భాషల పిల్లలు న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. మద్రాసు హైకోర్టు మినహాయింపులిచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని మరొక ఏడాదికి పొడిగించింది. ఏటికేడు కోర్టు మెట్లెక్కి తెచ్చుకొనే మినహాయింపు చదువుకు పునాది కాలేదు.

తమిళం నేర్వడానికి మనం వ్యతిరేకులం కాము. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతూ ఆ భాష మాట్లాడుతున్నవారమే. కర్ణాటకలో కన్నడమూ, ఒడిశాలో ఒడియా కూడా అంతే. ఉద్యోగానికీ, కచేరీకీ, ఇరుగుపొరుగుకూ రాష్ట్రభాష కావాలి. దానిని చేర్చండి, తెలుగును తీసివేయకండి అన్నదే మన వాదం.

'ఆంధ్రలోనే ఆంగ్లం కావాలంటుంటే మనకెందుకీ పట్టుదల?' అని అడిగే తల్లిదండ్రులున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రభుత్వ బడులన్నింటినీ ఆంగ్ల మాధ్యమానికి మార్చే ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు వాటిని కొట్టివేసింది. అయితే అక్కడ బడిలో తెలుగు తగ్గినా వీధిలో, బస్సు పలకపై, దుకాణం పేరులో, దినపత్రికలో అక్షరం కనబడుతూనే ఉంటుంది. హోసూరు పల్లెలోని బిడ్డకు తెలుగు అక్షరం కనబడే చోటు దాదాపు బడి ఒక్కటే. అది పోతే మాట మిగిలినా రాత మిగలదు. తాత రాసిన భూమి కాగితాన్ని మనుమడు చదవలేడు.

కనుక ఈ నెలలో చేయవలసినవి ఇవి. ప్రవేశపత్రంలో 'తెలుగు' అని మీరే రాయండి, లేదా మీ ఎదుట రాయించండి. ఇప్పటికే చేరిన పిల్లల వివరం ప్రవేశ రిజిస్టరులోనూ, యుడైస్ ప్లస్ నమోదులోనూ ఎలా ఉన్నదో అడిగి చూసి, తప్పు ఉంటే రాతపూర్వకంగా సవరణ కోరండి. పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి ఒకే అర్జీపై సంతకాలు చేసి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. నకలుపై తేదీతో రసీదు తీసుకోండి. ఒక ప్రతిని జిల్లా విద్యాధికారికీ, ఒక ప్రతిని పురపాలక సంఘానికో పంచాయతీకో పంపండి. జవాబు రాకుంటే 350-బి అధికరణం కింద ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఆ రసీదు జతచేసి రాయండి. నోటిమాటకు విలువ లేదు, తేదీ ఉన్న కాగితానికి ఉంటుంది.

మహారాష్ట్రలో బాలభారతి సంస్థ నేటికీ తెలుగులో పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తున్నదంటే, తెలుగులో చదువుతామని పేరు నమోదు చేసుకొన్న పిల్లలు అక్కడ ఉన్నందువల్లనే. ఉన్నామని చెప్పుకొన్నవారికే లెక్కలో చోటు దొరుకుతుంది. ఈ ఏటి హాజరుపట్టీలు ఖరారు కాకముందే, బడికి వెళ్ళి ఆ గడి చూసి రండి.