మాడిన నూనె ఎటు పోతోందో చూడండి

హోటల్ యజమానులారా, మాస్టర్లారా, రోజూ అక్కడే టిఫిన్ చేసే పెద్దలారా, మీ అందరికీ ఒకటే విన్నపం. ఈ రాత్రి షట్టరు దించేముందు ఒక్కసారి వంటగది వెనక్కి వెళ్లండి. పొద్దుటినుంచి పూరీలు, గారెలు, బజ్జీలు వేగిన మూకుట్లో అడుగున మిగిలిన నల్లటి నూనె ఎటు పోతోందో చూడండి.

చాలాచోట్ల దానికి దారులు రెండే. ఒకటి సింకు. గిన్నెలు తోమే కుర్రాడు దానిమీద వేడినీళ్లు, సబ్బుపొడి గుమ్మరిస్తాడు. నూనె జారిపోతుంది, పనైపోయిందనుకుంటాడు. నాలుగు గజాలు పోయాక నీళ్లు చల్లారతాయి, జిడ్డు పైపుకు అంటుకుంటుంది. డాల్డా, నెయ్యి ఉంటే మరీ గట్టిపడుతుంది. మెతుకులు, టీపొడి, పాలిథిన్ ముక్కలు దానికి తోడవుతాయి. పైపు సగం పూడినా పైకి తెలియదు. తొలి పెద్దవానకు మ్యాన్‌హోల్ పొంగి, ఆ మురుగు మీ గల్లాపెట్టె ముందుకే వస్తుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల కింద ఇలాంటి కొవ్వుగడ్డే 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున బయటపడింది. తీయడానికి వారాలు పట్టింది. అంత ఊరికే అంత పనైతే మన సందుల్లో పైపులు ఏపాటివి?

రెండోది వెనక గుమ్మం. డబ్బాకెత్తిన పాత నూనెను చవగ్గా పట్టుకెళ్లేవాళ్లుంటారు. సాయంత్రానికి అది మళ్లీ ఏ బండి మీదో పొయ్యెక్కుతుంది. బండివాణ్ణి తిట్టి లాభం లేదు, కొత్త డబ్బా కొనే స్తోమత లేకే అతను అది కొన్నాడు. అమ్మినవాళ్లు ఆలోచించండి. బడి వదిలాక అక్కడ పునుగులు కొనుక్కునేది మన పిల్లలే.

చెడిన నూనెను గుర్తుపట్టడం కష్టమేం కాదు. నల్లబడుతుంది. జిగటగా సాగుతుంది. పిండి వేయగానే నురుగు కట్టి ఎంతకీ తగ్గదు. మంట చిన్నగా ఉన్నా పొగ లేస్తుంది. తిన్నాక గొంతు గరగరలాడుతుంది. వీటిలో ఏది కనబడ్డా ఆ నూనె పక్కన పెట్టండి. కొత్త నూనె కలిపితే రంగు తేలుతుందే గానీ చెడు పోదు. పదేపదే కాగిన నూనెలో పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్న ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచే ఉంది. కొలవడానికి చేతిలో ఇమిడే మీటర్లున్నాయి. రోజుకు 50 లీటర్లు దాటి వాడేవాళ్లు ఎంత వాడారో, మిగిలింది ఎవరికిచ్చారో లెక్క రాయాలి.

మూడో దారి లేకపోతే మిమ్మల్ని ఇంతగా అడగను. 2018లోనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మొదలుపెట్టిన రుకో పథకం కింద అనుమతి ఉన్న సేకరణదారులు ఈ నూనెను కొని బయోడీజిల్ తయారీకి పంపుతున్నారు. కానీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది. మాస్టరు చల్లారిన నూనెను వడగట్టి మూత డబ్బాలో పోయాలి. యజమాని దాన్ని అనుమతి ఉన్నవాడికే ఇచ్చి రసీదు తీసుకోవాలి, సింకు కింద జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టించి ఎప్పటికప్పుడు తీయించాలి. తినేవాళ్లు మొహమాటపడకుండా "పాత నూనె ఏం చేస్తారండీ?" అని అడగాలి. అడిగితే యజమాని నొచ్చుకోకూడదు. గిన్నెలు తోమే కుర్రాడికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. అన్నిటికంటే అదే మర్చిపోతాం.

ఇంత చేసినా ఎక్కడో పైపు పూడితే, దయచేసి మనిషిని దింపకండి. మ్యాన్‌హోల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. మోతాదు ఎక్కువైతే వాసన కూడా తెలియదు, దిగినవాడు దిగినట్టే కూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ అంతే. రక్షణ లేకుండా మురుగులోకి దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. నాలుగు నోట్లు చేతిలో పెడితే దిగేవాడు దొరుకుతాడు, నా భయమంతా అదే. మున్సిపాలిటీకి ఫోన్ చేసి జెట్టింగ్ యంత్రం తెప్పించండి. అది వచ్చేదాకా కుళాయిలు కట్టేయండి. హోటల్ ఒకపూట మూతపడితే పడనివ్వండి.