ఉక్కుకు ముందటి అక్షరము

భిలాయి పేరు విన్నంతనే ఉక్కు స్ఫురించుట సహజమే. 1955లో సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దేశము నలుమూలలనుండి వచ్చినవారితోపాటు తెలుగువారును అచ్చట స్థిరపడిరి. ఇంతవరకు వివాదము లేదు. కాని కర్మాగారము రాకపూర్వము ఆ సీమలో అడవియు, అజ్ఞానమును తప్ప మరేమియు లేవనెడి మాట ఒప్పదగినది కాదు. కర్మాగారము లేచినది నిర్మానుష్యమైన నేలపై కాదు. అనేక గ్రామముల పొలములు అందులో కలిసిపోయినవి. ఆ సీమకు అర్ధశతాబ్ది పూర్వమే సొంత పత్రిక యొకటి ఉండెను.

దాని పేరు ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’. మాధవరావు సప్రే 1900 జనవరిలో పెండ్రానుండి ఆ మాసపత్రికను ఆరంభించెను. ఆయన మాతృభాష మరాఠీ, వ్రాసినది హిందీలో. పత్రిక మూడేండ్లు నడిచి 1902 చివర ఆగిపోయెను. మూడేండ్ల పత్రిక ఏమి సాధించినదని అడుగువారు కలరు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడినది 2000లో; ఆ పేరును తలదాల్చిన పత్రిక అంతకు నూరేండ్లు ముందే పాఠకుల చేతికందినది. గ్రంథవిమర్శను గంభీరమైన వ్యాసంగముగా హిందీవారికి అలవరచిన పత్రికలలో అదియు నొకటి.

1901లో ఆ పత్రికలోనే సప్రే వ్రాసిన ‘ఏక్ టోకరీ భర్ మిట్టీ’ అను చిన్నకథ వెలువడెను. ఒక జమీందారు తన ఆవరణను పెంచుకొనుటకై దిక్కులేని వితంతువు గుడిసెను న్యాయస్థానము మూలమున వశపరచుకొనును. పొయ్యి వేసికొనుటకు గంపెడు మన్ను తీసికొన ఆమె అనుమతి కోరి, ఆ గంపను పైకెత్తుమని అతనినే అడుగును. అతడు ఎత్తలేడు. గంపెడు మంటినే మోయలేనివాడు ఆ నేలంతటి భారమును జీవితాంతము ఎట్లు మోయునని ఆమె ప్రశ్న. జమీందారు సిగ్గుపడి గుడిసె తిరిగి ఇచ్చివేయును. పొలములు కోల్పోయినవారి నడుమ వెలసిన పట్టణమునకు ఈ కథ పాతదా?

సప్రేను అంగీకరింపనివారి రెండవ ఆక్షేపణ మరింత పదునైనది. టిళకుని ‘కేసరి’ బాటలో ఆయన 1907లో నాగపూరునుండి ‘హిందీ కేసరి’ని వెలువరించెను. 1908 ఆగస్టులో రాజద్రోహ నేరముపై నిర్బంధితుడై, కుటుంబపు ఒత్తిడికి లొంగి క్షమాపణ వ్రాసియిచ్చి విడుదలయ్యెను. అదే సంవత్సరమున బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికకై గాడిచర్ల హరిసర్వోత్తమరావు చెరసాలకేగెను. టిళకుడు మాండలేకు పంపబడెను. ఈ భేదమును చెరిపివేయుట చెరలో మ్రగ్గినవారికి అపచారము. క్షమాపణను దాచిపెట్టు భక్తులును సప్రేకు మేలు చేయుటలేదు.

కాని ఒక్క పత్రముపై చేసిన సంతకము ఒక జీవితమునకు తుదితీర్పు కాజాలదు. లేఖకుడు క్షమాపణ ఇచ్చినను, అచ్చయి పాఠకుని యింట చేరిన మాట క్షమాపణ ఇయ్యదు. ఆయన కొన్నాళ్లు మౌనముగా నుండి, మరల కలము పట్టెను. సమర్థ రామదాసుని ‘దాసబోధ’ను హిందీ చేసెను. మాండలే చెరలో టిళకుడు రచించిన ‘గీతారహస్యము’ను హిందీ పాఠకులకు అందించినది చెరను భరింపలేక బయటికి వచ్చిన ఈ సప్రేయే. రాయపూరులో బాలికలకు పాఠశాల నెలకొల్పెను. 1920లో జబ్బల్‌పూరునుండి మాఖన్‌లాల్ చతుర్వేది సంపాదకత్వమున వెలువడిన ‘కర్మవీర్’ వెనుకను ఆయన కృషి కలదు. 1926లో రాయపూరున కన్నుమూసెను. భయపడి ఊరకుండినవాని చరిత్ర కాదిది. ఒకమారు తడబడి, పదునెనిమిదేండ్లు పనిచేసినవాని చరిత్ర.

కర్మాగారపు ఉత్పత్తిని టన్నులలో లెక్కించుట న్యాయమే. ఒక సీమ నోరు విప్పి మాటాడుటకు పట్టిన శ్రమకు అట్టి కొలత లేదు. కొలత లేదు కనుక ఆ శ్రమయే లేదనుట అవివేకము. భిలాయి బిడ్డలకు ఉక్కు ఎట్లు పోయుదురో నేర్పుచున్నాము, సంతోషము. గంపెడు మంటి బరువెంతయో చెప్పుటయు మన బాధ్యతయే.