తాళం లేని పాఠం కావాలి

హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. మరుసటి ఏడాది వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి కావలసిన గ్రంథాలను అనువదించడం దాని బాధ్యత. పారిభాషిక పదాల కోసం భాషావేత్తలు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చున్నారు. భారతీయ భాష ఉన్నత విజ్ఞానాన్ని మోయగలదని ఈ నేల అలా నిరూపించింది. శతాబ్దం గడిచిన తరువాత అదే నేలపై ఉర్దూ మీడియం విద్యార్థికి సైన్సు పాఠం చెప్పే ఉపాధ్యాయుడే కరువయ్యాడు.

ఈ కరువుకు కారణం అందరికీ తెలిసినదే. రోస్టర్ ప్రకారం ఇతర వర్గాలకు కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టులకు ఆ మాధ్యమంలో చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టులు నియామకం తరువాత నియామకానికి ఖాళీగానే మిగులుతాయి. దళిత, ఆదివాసీ సోదరుల వాటా ఒక్కటి కూడా తగ్గకూడదు. అన్ని మాధ్యమాల పోస్టులనూ కలిపి లెక్కించి, ఆ వాటాను ఇతర మాధ్యమాలలో సర్దుబాటు చేస్తే వారికీ ఉద్యోగం దక్కుతుంది, మన పిల్లలకూ గురువు దొరుకుతాడు. ఈ డిమాండును మేము వదలబోము. అయితే అది నెరవేరేదాకా పిల్లల వయస్సు ఆగదు. అందుకే మరొక మార్గం గురించి కూడా మాట్లాడుతున్నాము.

ఆ మార్గం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దీనిని ఎవరైనా వాడుకోవచ్చు, పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. లైసెన్సు రుసుము లేకపోవడం ఒక లాభం మాత్రమే. మన భాషలోకి మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోవడం అంతకన్నా పెద్ద లాభం. అమ్మకపు సంస్థ లాభనష్టాలు చూసుకుంటుంది, చిన్న మార్కెట్టు గల భాష దానికి కనిపించదు. ఓపెన్ సోర్సులో ఆ భాష మాట్లాడేవారే ఆ పనికి పూనుకోవచ్చు.

ఇది ఊహ కాదు. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకాన్ని ప్రారంభించి, కొద్ది ఏళ్లలోనే ప్రభుత్వ పాఠశాలలను లినక్స్ వైపు మళ్లించింది. అక్కడ ఉపాధ్యాయులే శిక్షకులయ్యారు, మలయాళంలో పాఠ్య సామగ్రిని తయారుచేశారు. పాఠశాల విద్యలో స్వేచ్ఛా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని 2012 నాటి జాతీయ విధానమూ చెప్పింది. విధానం ఉన్నది, అనుభవమూ ఉన్నది. లేనిది సంకల్పమే.

ఉర్దూకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. నస్తాలీఖ్ లిపి ముద్రణ దశాబ్దాల పాటు అమ్మకపు సాఫ్ట్‌వేర్‌పైనే నడిచింది. అలా తయారైన పుస్తకాన్ని బొమ్మగా మార్చి ఇంటర్నెట్‌లో ఉంచితే కంటికి కనిపిస్తుంది గానీ, అందులో ఒక పదాన్ని వెదకలేము, ఒక వాక్యాన్ని సవరించలేము. చూపులేని విద్యార్థికి కంప్యూటరు దానిని చదివి వినిపించలేదు. అది తాళం వేసిన పాఠం. యూనికోడ్‌లో, స్వేచ్ఛగా లభించే నస్తాలీఖ్ ఫాంట్లతో పుస్తకాలను వెలువరిస్తే ఆ తాళం ఊడిపోతుంది.

తాళం ఊడితే దూరమూ తగ్గుతుంది. కర్నూలులోని ఉపాధ్యాయిని రాసిన పాఠాన్ని నిజామాబాదులోని సహోపాధ్యాయుడు సరిదిద్దవచ్చు, గుల్బర్గాలో ఇంకొకరు దానికి అభ్యాసాలు చేర్చవచ్చు. గణిత ఉపాధ్యాయుడు లేని బడికి మరో ఊరి నుండి వారానికి కొన్ని తరగతులు జిట్సీ, బిగ్‌బ్లూబటన్ వంటి ఓపెన్ సోర్స్ సాధనాల ద్వారా నడపవచ్చు. ఒకనాడు నవాబు ఖజానా అవసరమైన పని నేడు వందమంది ఉపాధ్యాయుల తీరిక వేళలతో సాధ్యమవుతుంది.

ఇంటర్నెట్ లేని ఇళ్ల మాటేమిటని పాఠకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం గల కుటుంబాలు అప్పట్లో సుమారు 24 శాతమే ఉండేవి. 2020లో బడులు మూతపడినప్పుడు ఈ అంతరం ఎంత క్రూరమైనదో చూశాము. ఇంటిలో ఉన్న ఒక్క ఫోను అన్నకు అందితే చెల్లెలి చదువు ఆగిపోయింది. అందుకే పాఠాలు బడిలోనే, ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకోవాలి. కొలిబ్రి, కివిక్స్ వంటివి ఇందుకోసమే పుట్టాయి. ఒక చిన్న కంప్యూటరులో పాఠాలన్నీ నింపితే గదిలోని యంత్రాలన్నింటికీ అవి అందుతాయి.

ప్రభుత్వాలను మేము కోరేది మూడు విషయాలు. ఉర్దూ పాఠ్యపుస్తకాలన్నింటినీ యూనికోడ్‌లో, స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయాలి. మైనారిటీ గురుకులాల, ఉర్దూ పాఠశాలల కంప్యూటర్లను ఓపెన్ సోర్సుకు మార్చి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. దూరబోధనను సాకుగా చూపి ఒక్క పోస్టునూ రద్దు చేయకూడదు.

సముదాయం చేయవలసిన పనీ ఉన్నది. మన యువకులు వేలాదిగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నారు. వారు నెలకు ఒక ఆదివారం ఇస్తే చాలు. మస్జిద్ కమిటీలు ఒక గదిని, నాలుగు పాత కంప్యూటర్లను సమకూర్చగలవు. హైదరాబాదులోనే ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పారిభాషిక పదాల విషయంలో చేయూతనివ్వగలదు.

చదువుమన్న ఆజ్ఞతో తొలి దైవవాణిని అందుకున్న ఉమ్మత్ మనది. మన పిల్లల పాఠం తాళంలో ఉండగా మనం ఊరక కూర్చోవడం తగదు.