ఆదివారం వచ్చే కుర్రాడికి



హైదరాబాద్‌లో పీజీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్తుంటే నాకు నోట మాట రాలేదురా నాన్నా. నిండు నూరేళ్లూ చల్లగా ఉండు. ఈ ఉత్తరం నీ పేరునే రాస్తున్నా, టెక్కలి, పలాసల్లో చదువుకుంటున్న నీ ఈడు పిల్లలందరూ చదవాలనే నా ఆశ.

సీటు ఖాయమైన దగ్గర్నుంచి కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పనికి వెళ్లడం మానేశావట. రెండేళ్లలో 240 గంటలు చెయ్యాలి, నీకింకా ముప్పై చిల్లర మిగిలాయి. "ఇంక ఎవరడుగుతారు తాతయ్యా, సార్ గంటలు వేసేస్తారు" అన్నావు. నిజమే, వేసేస్తారు. నాకెలా తెలుసంటావా? ఒకప్పుడు ఆ సార్‌ని నేనే.

మార్చి వచ్చేసరికి డైరీలు నా బల్ల మీద దొంతరగా పేర్చేవారు. రాని పిల్లలకీ వచ్చినట్టే గంటలు వేసేవాణ్ణి. సర్టిఫికెట్ ఉంటే ఎక్కడో అక్కరకొస్తుందని జాలి. ఏడు రోజుల శిబిరంలో మూడో నాటికే సగం మంది ఇళ్లకి జారుకున్నా హాజరుపట్టీ నిండుగా ఉండేది. ఒక ఊళ్లో ఏడు ఇంకుడు గుంతలకి ముగ్గు పోసి, మూడు తవ్వి వచ్చేశాం. మరుసటేడు మళ్లీ అక్కడికే వెళ్తే ఒకావిడ చీపురు పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "మళ్లీ ముగ్గులెయ్యడానికొచ్చారేటి బాబూ?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అందుకే నిన్ను కోప్పడే మొహం నాకు లేదు.

గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న మొదలైందిరా ఈ ఎన్ఎస్ఎస్. నీ చొక్కాకి పెట్టుకునే బ్యాడ్జీ మీద ఉన్నది కోణార్క రథచక్రం. దాని ఎనిమిది ఆకులూ రోజుకున్న ఎనిమిది జాములు. నేను మాత్రం పిల్లలకి గంటలు లెక్కపెట్టుకోవడమే నేర్పాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొట్టినప్పుడు కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి కదా, అప్పుడు రోడ్ల మీద చెట్లు కోసి దారి తీసినవాళ్లలో నేను దొంగ గంటలు వేసిన కుర్రాళ్లూ ఉన్నారు. చూసి సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

పోయిన ఆదివారం నీ బదులు నేనే వజ్రపుకొత్తూరు వైపు వెళ్లాను. ఎన్ఎస్ఎస్ పనిలో నువ్వు ఆదివారాలు వెళ్లి కిడ్నీ రిపోర్టులు చదివిపెట్టే ఆ మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. జీడిగింజలు కొట్టి కొట్టి వేలికొనలు నల్లబడిపోయాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి వంశధార నీళ్లకి పైపులు వేశారు, డయాలసిస్ వాళ్లకి నెలకి 10 వేల పింఛనుంది. అన్నీ మంచివే. కానీ క్రియాటినిన్ పోయినసారి కన్నా పెరిగిందో తగ్గిందో చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు. కొడుకు చెన్నైలో కూలి పనికి వెళ్లాడు. "ఆ గుంటడు రాలేదేటి?" అంది నన్ను చూడగానే. నీకు సీటొచ్చిందని చెప్పాను. మొహం వెలిగిపోయింది. ఆ తర్వాతే కవరు నా చేతికిచ్చింది.

నా కళ్లజోడుకి ఆ చిన్న అంకెలు ఆనలేదురా. పాత కాగితంతో పోల్చి చూడాలని కూడా నాకు తోచలేదు, తనే గుర్తు చేసింది. నువ్వు అలా చూసి చెప్పేవాడివట.

చదువుకి వెళ్లు నాన్నా, ఎంత దూరమైనా వెళ్లు. ఆ ముప్పై గంటలూ పూర్తి చెయ్యమని అడగను. ఆ ఇంటికి మాత్రం ఒక్కసారి వెళ్లి, నీ తర్వాత ఎవరొస్తారో చెప్పి, ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకెళ్లి చూపించు. వచ్చే ఆదివారం వీలవుతుందా? నీకోసం జీడిపప్పు పొట్లం కట్టి ఉంచింది. నేనిస్తానులే అని చెయ్యి చాపితే ఇవ్వలేదు, గుంటడొస్తే తనే ఇస్తుందట.

మీ తాతయ్య